ఇంట్లో పెడితే కారు చార్జ్ కావడం లేదు, బయట బాగానే ఎక్కుతోంది (తిరుపతి)

కొర్లగుంట_కుర్రోడు:

అందరికీ నమస్తే. ఈ మధ్యే ఇల్లు మారాం. ఇప్పుడుండేది తిరుపతిలో కొర్లగుంట వైపు అద్దె ఇల్లు, పైన మేము, కింద ఓనర్ వాళ్ళు, కారు పార్కింగ్ కిందే. పాత ఇల్లు బైరాగిపట్టెడలో, అక్కడ రాత్రి ప్లగ్గు పెట్టి పడుకుంటే పొద్దునకి ఫుల్ అయ్యేది, ఏ గొడవా లేదు. ఈ ఇంటికొచ్చినప్పటి నుంచే తలనొప్పి.

కారుతో పాటు ఇచ్చిన పోర్టబుల్ చార్జరే వాడుతున్నా, మూడు పిన్నులది, 15 ఆంపియర్లు లాగుతుంది. పార్కింగ్‌లో ఉన్న పవర్ ప్లగ్గులో పెట్టగానే బాక్సు మీద పచ్చ లైటు వస్తుంది, మరుక్షణం ఎర్ర లైటు. ఒక్కోసారి మాత్రం పచ్చగానే ఉంటుంది, సరే అని కారుకి చార్జింగ్ గన్ను పెడితే లోపల టిక్కుమని చప్పుడొచ్చి మళ్ళీ ఎర్రదే. ఓనర్ అంకుల్ వాళ్ళకు తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెట్టి చూసి "కరెంటు బ్రహ్మాండంగా వస్తోంది, మీ చార్జరే పోయింది" అని డబ్బులు తీసుకొని వెళ్ళిపోయాడు. నిజంగానే అదే సాకెట్‌లో వాళ్ళ గ్రైండర్ తిరుగుతోంది, డ్రిల్లింగ్ మిషన్ తిరుగుతోంది.

కానీ ఇదే చార్జర్ పట్టుకొని చిత్తూరులో మా బావ వాళ్ళింటికి వెళ్తే రాత్రంతా చక్కగా ఎక్కింది. రేణిగుంట రోడ్డులో డీసీ ఫాస్ట్ చార్జర్ దగ్గర కూడా ఏ ఇబ్బందీ లేదు. సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి చూసి కారులో ఏ ఎర్రరూ లేదన్నారు. నేను రోజూ శ్రీకాళహస్తికి డ్యూటీకి పోయి రావాలి, రానుపోను 80 కిలోమీటర్ల దాకా. రోజూ ఫాస్ట్ చార్జర్ దగ్గర క్యూలో నిలబడాలంటే టైమూ పోతోంది డబ్బూ పోతోంది. కొత్త చార్జర్ కొనాలా? కొంటే మాత్రం ఇక్కడ పనిచేస్తుందని నమ్మకం ఏంటి?

ఫాస్ట్‌లేన్_తిరుపతి:

బ్రో, బాక్సు పోయింటుంది, వారంటీలో ఉంటే మార్పించుకో. నాది కూడా అట్లనే ఎర్ర లైటు పడితే మార్చి ఇచ్చారు. కొత్తది కొనొద్దు, దండగ.

మల్టీమీటర్_మామ:

ఫాస్ట్‌లేన్ గారూ, బావ ఇంట్లో రాత్రంతా ఎక్కిందని రాశాడు కదా, పోయిన బాక్సు చిత్తూరు పోగానే బాగవదు.

తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. డీసీ ఫాస్ట్ చార్జర్ దగ్గర ఎక్కిందన్న మాట మాత్రం పక్కన పెట్టు, దాంతో మనకేమీ తెలియదు. అక్కడ కరెంటు కారు లోపలి ఆన్‌బోర్డ్ చార్జర్ (ఇంటి ఏసీ కరెంటుని బ్యాటరీకి కావాల్సిన డీసీగా మార్చేది) జోలికి పోకుండా నేరుగా బ్యాటరీకి వెళ్తుంది, కాబట్టి ఆన్‌బోర్డ్ చార్జర్ కాలిపోయిన కారు కూడా డీసీ దగ్గర మామూలుగానే ఎక్కుతుంది. బావ వాళ్ళింట్లో ఎక్కింది చూడు, అది అసలైన సాక్ష్యం. ప్లగ్గు, బాక్సు, కేబుల్, గన్ను, కారు లోపలి చార్జర్ అన్నీ ఒకేసారి పాసైపోయాయి అక్కడ. ఇక మిగిలింది మీ పార్కింగ్‌లో ఉన్న ఆ సాకెట్టు, దాని వెనక ఉన్న వైరింగు.

నా అనుమానం ఎర్తింగ్ మీద, అంటే లీకైన కరెంటుని భూమిలోకి పంపే వైరు మీద. ఎందుకో చెప్తా. గోడకు పెట్టగానే ఆ బాక్సు వెంటనే కరెంటు వదలదు. ముందు తన దగ్గరికి వచ్చే వోల్టేజ్ ఎంత, ఎర్త్ ఉందా లేదా అని చూసుకుంటుంది, కొన్ని బాక్సులు ఫేజ్ (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి పోయే వైరు) తారుమారు అయ్యాయా అన్నది కూడా చూస్తాయి. తర్వాత కారుతో మాట్లాడుకునే సిగ్నల్ వేరే ఉంటుంది, కారు తగిలించకముందు అది 12 వోల్టులు, తగిలించాక 9, కారు "నేను రెడీ" అంటే 6. ఆ 6 కనిపించాకే లోపలి రిలే (దానంతటదే పడే స్విచ్) టిక్కుమని పడి కరెంటు కారులోకి పోతుంది. నీకు కారు తగిలించకముందే ఎర్ర లైటు వస్తోందంటే గొడవ కారు వరకూ పోనేలేదు.

గ్రైండర్ తిరిగింది, డ్రిల్లింగ్ మిషన్ తిరిగింది అన్నావు. వాటికి ఎర్త్‌తో పనేముంది? ఫేజ్, న్యూట్రల్ దొరికితే చాలు, ఫ్రిజ్ అయినా ఏసీ అయినా ఎర్త్ లేకుండా ఏళ్ళ తరబడి నడుస్తాయి. మీ ఇంట్లో ఎర్త్ ఉందా అని అడిగిన మొట్టమొదటి వస్తువు నీ చార్జరే అయ్యుంటుంది. టెస్టర్ వెలిగిందంటే ఫేజ్ ఉందని తెలుస్తుంది, అంతే, ఎర్త్ సంగతి టెస్టర్‌కి తెలియదు. అది పెట్టి బ్రహ్మాండం అన్నాయన చూడాల్సింది చూడలేదు.

మల్టీమీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు. ఆ సాకెట్‌లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎన్ని వోల్టులు వస్తున్నాయో మూడూ రాసి పెట్టు. మొదటి రెండూ దాదాపు ఒకటే ఉండాలి, 230 దరిదాపుల్లో. మూడోది రెండు మూడు వోల్టులకు మించకూడదు. తర్వాత పాతకాలం 100 వాట్ల బల్బు ఒకటి హోల్డర్‌తో సహా తెచ్చి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వెలిగించి చూడమను. మామూలుగా ఎలా వెలుగుతుందో అలాగే వెలగాలి. మీటర్ ఒక్కోసారి ఉత్తుత్తి వోల్టేజ్ చూపిస్తుంది, బల్బు చూపించదు. ఒకవేళ ఇంటికి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై కట్ చేసే స్విచ్) ఉండి, బల్బు పెట్టగానే అది పడిపోతే కంగారు పడొద్దు, ఎర్త్ ఎంతో కొంత ఉందని అర్థం. ఇవన్నీ ఆయన చేతే చేయించు, నువ్వు చేయి పెట్టకు.

ఇంకో మాట. మీ ఇంట్లో బాత్రూం కొళాయి ముట్టుకుంటే ఎప్పుడైనా జివ్వుమందా? ఇంట్లో వాళ్ళని అడుగు.

పీలేరు_పవర్:

ఇంత కథ ఎందుకు సామీ. సాకెట్ విప్పి న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న వైరు ముక్క లూప్ కొట్టు, పచ్చ లైటు ఠక్కున వస్తుంది. మా ఎలక్ట్రీషియన్ అదే చేసిచ్చాడు, ఐదు నిమిషాల పని. ఏడాదిగా చార్జ్ చేస్తున్నా, ఏమీ కాలేదు.

నైట్‌షిఫ్ట్_సబ్‌స్టేషన్:

దయచేసి ఆ పని చేయొద్దు, ఎవరూ చేయొద్దు. పీలేరు అన్నా, మీరు కూడా ఇవాళే ఆ లూప్ తీయించండి. ఏడాదిగా ఏమీ కాలేదంటే ఏడాదిగా మీ న్యూట్రల్ తెగలేదని అర్థం, అంతే.

ఏం జరుగుతుందో చెప్తాను. స్తంభం మీద నుంచి ఇంటికి వచ్చే సర్వీస్ వైరు చాలాచోట్ల అల్యూమినియం. దాని జాయింట్ ఎండకు వానకు వదులై ఒకరోజు న్యూట్రల్ తెగిపోతుంది, ఇది అరుదైన సంగతేమీ కాదు, గాలివాన వచ్చిన మర్నాడు ఏ లైన్‌మన్‌ని అడిగినా చెప్తాడు. న్యూట్రల్ తెగితే ఇంట్లో లైట్లు ఆగిపోతాయి, కరెంటు పోయిందనుకుంటాం. కానీ ఫేజ్ వస్తూనే ఉంటుంది. ఆన్‌లో ఉన్న ఒక్క బల్బు చాలు, దాని గుండా ఫేజ్ దాటుకొని ఇంట్లో న్యూట్రల్ వైరు మొత్తం లైవ్ అవుతుంది. మీరు కొట్టిన లూప్ గుండా అదే ఎర్త్ పిన్నుకి, అక్కడి నుంచి కేబుల్ గుండా కారు బాడీకి. చార్జర్ బాక్సు ఆగిపోయినా ఎర్త్ వైరును మాత్రం చాలా బాక్సులు కట్ చేయవు. అందులోని లీకేజీ రక్షణ కూడా అక్కరకు రాదు, తన గుండా పోయే కరెంటు, తిరిగొచ్చే కరెంటు సమానంగా ఉన్నాయా అని మాత్రమే అది చూస్తుంది, ఇక్కడ కరెంటు అసలు ఆ దారిలోనే రావడం లేదు. కారు టైర్ల మీద నిలబడి ఉంటుంది కాబట్టి కారుకేమీ కాదు. తడి నేల మీద చెప్పులు లేకుండా వచ్చి డోర్ హ్యాండిల్ పట్టుకున్న పిల్లాడి సంగతి ఏంటి?

ఈ లూప్ ఎక్కడైనా ముందే కొట్టి ఉందేమో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది, అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకి పనికొస్తుంది. గీజర్ లాంటి పెద్ద లోడు వేసి, అదే లైన్ మీద ఉన్న సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవండి. లోడు పడితే న్యూట్రల్‌లో కొంచెమైనా వోల్టేజ్ లేవాలి, ఒకటో రెండో. లోడు వేసినా తీసినా కదలకుండా సున్నా చూపిస్తుంటే అది గొప్ప ఎర్తింగ్ అనుకోవద్దు, ఆ సాకెట్ వెనకే ఎవరో రెండింటినీ కలిపేశారని అనుమానించాలి.

పీలేరు_పవర్:

మీరు ఇంజనీర్లు ఊరికే భయపెడతారు. సరే, ఆదివారం మా వాడిని పిలిచి చూపిస్తా.

కొర్లగుంట_కుర్రోడు:

మల్టీమీటర్ మామగారూ, మీరడిగిన లెక్కలు. ఆఫీసులో ఎలక్ట్రికల్ సెక్షన్ ఆయన ఇంటికొచ్చి చూశారు. ఫేజ్ న్యూట్రల్ మధ్య 232. ఫేజ్ ఎర్త్ మధ్య 148. న్యూట్రల్ ఎర్త్ మధ్య 81. బల్బు ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య అస్సలు వెలగలేదు, కనీసం ఎర్రగా కూడా కాలేదు.

కొళాయి గురించి అమ్మని అడిగితే నాకే టెన్షన్ పట్టుకుంది. గీజర్ వేసినప్పుడు కొళాయి తిప్పితే వేళ్ళు జివ్వుమంటాయంట, ఈ ఇంటికొచ్చిన కొత్తలోనే గమనించిందంట, "కొత్త ఇల్లు కదా, అలవాటవుతుందిలే" అనుకొని రబ్బరు చెప్పులేసుకొని స్నానం చేస్తోంది. నాకు ఒక్క మాట చెప్పలేదు.

ఓనర్ అంకుల్ మాత్రం ఎర్త్ ఉంది అంటున్నారు. మీటర్ బోర్డు దగ్గర పచ్చ వైరు ఉన్న మాట నిజమే. ఎర్త్ వైరు భూమిలో కలిసే గుంత ఎక్కడ అంటే కాంపౌండ్ గోడ పక్కన తవ్వించాం అన్నారు, ఇప్పుడక్కడ మొత్తం పార్కింగ్ టైల్స్.

మల్టీమీటర్_మామ:

ముందు ఆ గీజర్ ఆపేయించు, ఇది తేలేదాకా స్టవ్ మీద నీళ్ళు కాచుకోండి. కారు సంగతి తర్వాత.

148, 81 అంటే ఆ ఎర్త్ పిన్ను గాల్లో వేలాడుతోంది, భూమిని తాకడం లేదు. పక్కపక్కనే పోయే వైర్ల నుంచి పట్టుకున్న ఉత్తుత్తి వోల్టేజే మీటర్‌లో కనిపించింది, అందుకే బల్బు వెలగలేదు. నీ చార్జర్ ఒక్కోసారి పచ్చగా ఒక్కోసారి ఎర్రగా ఊగడం కూడా ఇందుకే అయ్యుంటుంది, ఇంట్లో ఏ మోటారు తిరుగుతోంది, ఏ లైట్లు వెలుగుతున్నాయి అన్నదాన్ని బట్టి ఆ లెక్క మారుతూ ఉంటుంది.

ఇప్పుడు మీటర్ బోర్డు దగ్గర అదే బల్బు పరీక్ష చేయించు. అక్కడ ఫేజ్‌కీ పచ్చ వైరుకీ మధ్య బల్బు వెలిగితే గుంత బాగానే ఉంది, బోర్డు నుంచి పార్కింగ్ సాకెట్ వరకూ వచ్చే ఎర్త్ వైరు ఎక్కడో తెగింది, అది చిన్న పని. అక్కడా వెలగకపోతే గుంతే పోయింది. కొళాయి కూడా జివ్వుమంటోంది కాబట్టి నాకు రెండోదే అనిపిస్తోంది. టైల్స్ వేసిన మేస్త్రీలకు ఆ ఎర్త్ తీగ అడ్డమొస్తే కోసి పక్కన పడేస్తారు, ఇది నేను చాలా ఇళ్ళలో చూశాను. పాత గుంత కోసం టైల్స్ అన్నీ పగలగొట్టకండి, కొత్తది తవ్వడం సులువు.

జీఐ (జింక్ పూత ఇనుప) పైపు అయితే కనీసం 38 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవు ఉండాలన్నది మన ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043లోనే ఉంది. బొగ్గు, ఉప్పు పొరలుగా వేసే పాత పద్ధతి పనిచేస్తుంది, కానీ ఉప్పు కొన్నేళ్ళకు పైపునే తినేస్తుంది. ఇప్పుడు రాగి పూత రాడ్డు, దాని చుట్టూ బెంటోనైట్ పొడి (తేమ పట్టి ఉంచే మట్టి) వేస్తున్నారు, కొంచెం ఖర్చెక్కువైనా నేనైతే అదే వేయిస్తా. మీద చాంబర్ కట్టించి మూత పెట్టించండి, టైల్స్ కింద మళ్ళీ సమాధి చేయొద్దు, ఎండాకాలంలో అప్పుడప్పుడూ ఒక బకెట్ నీళ్ళు పోయాలి. పని అయ్యాక ఎర్త్ టెస్టర్‌తో కొలిపిస్తే రెసిస్టెన్స్ 5 ఓమ్‌ల లోపు రావాలి. ఊరికే గుంత తవ్వి పైపు పాతి డబ్బులు తీసుకొని పోయేవాళ్ళున్నారు, కొలిచి చూపిస్తేనే డబ్బులివ్వు.

కపిలతీర్థం_సైడ్:

కొండ కింద ఉండేవాళ్ళకి ఒక మాట. మా వీధిలో మూడడుగులు తవ్వితే రాయే, రెండున్నర మీటర్లు ఎక్కడ దిగుతుంది. మాకు రెండు పొట్టి రాడ్లు దూరం దూరంగా వేసి కింద నుంచే రెండింటినీ కలిపారు. దగ్గర దగ్గరగా వేస్తే లాభం లేదంట, రాడ్డు పొడవుకి రెండింతల దూరమైనా ఉండాలన్నారు. మే నెలలో నీళ్ళు పోయకపోతే మాత్రం మా చార్జర్ కూడా మొరాయిస్తుంది. వానలు పడ్డాయంటే ఆ బాధ ఉండదు.

కొర్లగుంట_కుర్రోడు:

బోర్డు దగ్గర కూడా బల్బు వెలగలేదు. గుంతే పోయింది. అంకుల్‌తో మాట్లాడితే "కారు మీది, ఖర్చు మీరే పెట్టుకోండి" అన్నారు. అది కాక, ఇంటి మీటర్ మీద కారు చార్జ్ చేస్తే కరెంటోళ్ళు కేసు రాస్తారని ఎవరో చెప్పారంట, అసలు చార్జింగే వద్దన్నట్టు మాట్లాడుతున్నారు. ఏం చేయాలి?

అవిలాల_అక్క:

కారు పేరెత్తకండి బాబూ. కారు అంటే ఆయనకి మీ సరదా ఖర్చులా కనిపిస్తుంది. గీజర్ సంగతి చెప్పండి. మీ పైన బాత్రూంకీ కింద వాళ్ళ బాత్రూంకీ ఎర్త్ ఒకటే కదా, ఆంటీ గారి కొళాయి కూడా జివ్వుమంటోందేమో అడగమనండి చాలు. మా ఓనర్ కూడా ఇట్లాగే మొండికేస్తే వాళ్ళ వాషింగ్ మిషన్ మీద చేయి పెట్టి చూడమన్నాం, మర్నాడే మనిషి దిగాడు. గుంత ఖర్చు ఇంటిది, పార్కింగ్‌కి వేసుకునే ప్రత్యేకం లైను ఖర్చు మీది, అలా పంచుకుంటే ఎవరికీ నొప్పి ఉండదు.

నైట్‌షిఫ్ట్_సబ్‌స్టేషన్:

కేసు భయం అక్కర్లేదు. ఇంట్లో ఇప్పటికే ఉన్న కనెక్షన్ మీదే సొంత బండి చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లోనే ఉంది. చూసుకోవాల్సింది లోడు. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (మీ కనెక్షన్‌కి మంజూరైన లోడు) ఎంతుందో చూడండి. 15 ఆంపియర్ల చార్జర్ అంటే ఒక్కటే 3.3 కిలోవాట్ల దాకా లాగుతుంది, పైన ఏసీ, గీజర్ కూడా ఉన్నాయి. పాత ఇళ్ళకు ఒకటో రెండో కిలోవాట్లే రాసి ఉంటుంది, అలా ఉంటే అదనపు లోడుకి దరఖాస్తు పెట్టి డబ్బు కట్టేయడం మంచిది. అద్దెకున్నవాళ్ళు అయితే మీటర్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే పెట్టాలి, కాబట్టి అంకుల్‌ని మంచి చేసుకోవడం తప్పదు.

కొర్లగుంట_కుర్రోడు:

అక్కా, మీ మాట మంత్రంలా పనిచేసింది. ఆంటీ కూడా "నాకూ ఎప్పటి నుంచో అట్లనే ఉంది" అన్నారు, అంకుల్ ఇంకేం మాట్లాడలేదు. గోడ పక్కన పూలమొక్కల దగ్గర కొత్త గుంత తవ్వి రాగి రాడ్డు వేశారు, మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ లేదంటే అది కూడా పెట్టించారు. ఇప్పుడు పార్కింగ్ సాకెట్‌లో ఫేజ్ ఎర్త్ మధ్య 230, న్యూట్రల్ ఎర్త్ మధ్య ఒకటిన్నర లోపే. చార్జర్ పెట్టగానే పచ్చ, కారు ఎక్కుతోంది!

కానీ రెండు కొత్త సమస్యలు. గీజర్ వేస్తే చాలు ఆర్‌సీసీబీ టక్కున పడిపోతోంది, మొత్తం ఇల్లు చీకటి. అంకుల్ "మీ కారు వచ్చాకే ఇదంతా" అని మళ్ళీ మొదలుపెట్టారు. రెండోది, కారు గంటకు పైగా చక్కగా ఎక్కి ఆ తర్వాత పార్కింగ్ లైన్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడే స్విచ్) పడిపోతోంది, ప్లగ్గు పట్టుకుంటే చేయి కాలుతోంది.

నైట్‌షిఫ్ట్_సబ్‌స్టేషన్:

మొదటిదానికి కారుతో సంబంధం లేదు. గీజర్ కాయిల్ ఎప్పటి నుంచో లీకవుతోంది. ఇన్నాళ్ళూ ఆ కరెంటు పోవడానికి ఎర్త్ దారి లేక గీజర్ బాడీలో, నీళ్ళలో, కొళాయిలో కూర్చుంది, మీ అమ్మగారి వేళ్ళకు తగిలింది అదే. ఇప్పుడు ఎర్త్ దారి దొరికింది, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ దాన్ని పట్టుకొని పడిపోతోంది. అది దాని ఉద్యోగం. గీజర్ మెకానిక్‌ని పిలిచి కాయిల్ మార్పించండి. ఆర్‌సీసీబీని మాత్రం బైపాస్ చేయనివ్వకండి, "ఇది ఊరికే పడుతోంది సార్" అని తీసేసే మహానుభావులు ఉంటారు.

ఒక చిన్న సంగతి, ఆ ఆర్‌సీసీబీ మీద టైప్ ఏసీ అని ఉందా, టైప్ ఏ అని ఉందా చూడండి. ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్ లైనుకి కనీసం టైప్ ఏ ఉండాలి. టైప్ ఏసీది మామూలు ఇంటి లీకేజీని పట్టుకుంటుంది కానీ కారు వైపు నుంచి డీసీ లీకేజీ కలిస్తే మొద్దుబారిపోతుంది. ఇల్లంతటికీ ఒకటే పెట్టించుకోవడం కన్నా కారు లైనుకి విడిగా ఒకటి పెట్టించుకుంటే ఇంట్లో ఎక్కడ లీకైనా కారు ఆగదు, కారు దగ్గర ఏదైనా అయితే ఇల్లు చీకటి కాదు.

మల్టీమీటర్_మామ:

రెండోది నేను చెప్తా. ప్లగ్గు వేడెక్కుతోందంటే ముందు వాడకం ఆపు. గ్రైండర్ పది నిమిషాలు తిరుగుతుంది, గీజర్ కాసేపటికి కట్ అవుతుంది, కారు మాత్రం 15 ఆంపియర్లు గంటల తరబడి ఒకే పట్టున లాగుతుంది, 30 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నింపాలంటే తొమ్మిది పది గంటలు. అంతసేపు అంత కరెంటుకి మామూలు సాకెట్‌లో వదులుగా ఉన్న ఒక్క స్క్రూ చాలు, అక్కడ వేడి పుట్టి, ప్లాస్టిక్ కరిగి, నల్లబడుతుంది. సాకెట్ విప్పించి చూడు, వైరు మీద ఇన్సులేషన్ గోధుమ రంగులోకి తిరిగి ఉంటే ఆ ముక్క కోసేయాలి, సాకెట్ మార్చాలి, ఊరికే స్క్రూ బిగిస్తే చాలదు.

ఎంసీబీ పడుతోంది కదా అని 16 తీసి 32 పెడతాం అంటారు, ఒప్పుకోకు. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి. పార్కింగ్‌కి ఏ వైరు లాగారో తెలియకుండా రేటింగ్ పెంచితే ఎంసీబీ బదులు గోడ లోపల వైరు కాలుతుంది. సరైన పని ఏంటంటే మీటర్ బోర్డు నుంచి నేరుగా కారు కోసమే ఒక లైను, 4 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు, మధ్యలో ఎక్కడా జాయింట్ లేకుండా, మంచి కంపెనీ 16 ఆంపియర్ సాకెట్, దానికి విడిగా ఎంసీబీ. ముందు ముందు 7.2 కిలోవాట్ల గోడ చార్జర్ పెట్టుకునే ఆలోచన ఉంటే ఇప్పుడే 6 స్క్వేర్ లాగించు, ఆ చార్జర్ 32 ఆంపియర్లు లాగుతుంది, పైపులో మళ్ళీ వైరు మార్చాలంటే రెండో ఖర్చు. లైను పడేదాకా నీ బాక్సులో కరెంటు తగ్గించే బటన్ ఉందేమో చూడు, కొన్నింటిలో ఉంటుంది, సాకెట్ మార్చాక 10 ఆంపియర్ల మీద పెట్టి రాత్రంతా వదిలేస్తే నీ 80 కిలోమీటర్లకి సరిపోయేంత ఎక్కుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దు, ఎంత ఖరీదైనదైనా సరే.

సాకెట్ నడుము ఎత్తుకి పైన పెట్టించు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద నీళ్ళు ఎంత దూరం వచ్చాయో మీ వీధి వాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

ఫాస్ట్‌లేన్_తిరుపతి:

ఇదంతా చదివాక మా ఇంట్లో కూడా బల్బు పరీక్ష చేయించా. వెలిగింది గానీ మసకగా. మా బాక్సు నిజంగానే పోయిందా, లేక ఎర్తే బాగాలేకనా అని ఇప్పుడు డౌటొస్తోంది.

మల్టీమీటర్_మామ:

మసక అంటే ఎర్త్ ఉంది కానీ గట్టిగా లేదు. గుంతలో నీళ్ళు పోసి మర్నాడు మళ్ళీ చూడండి. ప్రకాశం పెరిగితే గుంత ఎండిపోయింది. పెరగకపోతే క్లాంపు తుప్పు పట్టిందేమో, గీకి మళ్ళీ బిగించాలి.

కట్టమంచి_కారు:

మాది చిత్తూరు. నాకు ఎర్త్ బాగానే ఉంది, కొలిపించా. రాత్రి పదకొండు తర్వాత పెడితే పొద్దునదాకా హాయిగా ఎక్కుతుంది, సాయంత్రం ఏడు నుంచి పది మధ్య పెడితే మాత్రం ఎక్కుతూ ఆగుతూ ఉంటుంది. ఎండాకాలంలో ఎక్కువ. కారు యాప్‌లో టైమర్ ఏమైనా పెట్టి ఉందా అని చూశా, లేదు. స్టెబిలైజర్ కొనాలా?

నైట్‌షిఫ్ట్_సబ్‌స్టేషన్:

స్టెబిలైజర్ కొనొద్దు. ఏసీకి కొనే స్టెబిలైజర్ ఇన్ని గంటల లోడుకి తట్టుకోదు, తట్టుకునేదానికి అయ్యే డబ్బుతో కొత్త లైను వచ్చేస్తుంది.

సాయంత్రం వీధిలో అన్ని ఏసీలూ ఒకేసారి పడేసరికి వోల్టేజ్ దిగుతుంది, ఒక హద్దు దాటి దిగగానే బాక్సు గానీ కారు గానీ ఆపేస్తుంది, లేవగానే మళ్ళీ మొదలుపెడుతుంది. ఇళ్ళకు ఇచ్చే కరెంటు 230కి అటూ ఇటూ 6 శాతం లోపు ఉండాలన్నది నిబంధన, అంటే 216 కన్నా తగ్గకూడదు. మీరు సాయంత్రం ఎనిమిదికి రెండుసార్లు కొలవండి, కారు చార్జింగ్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి. పెట్టకముందే 190, 195 ఉంటే అది వీధి సమస్య, కరెంటోళ్ళ ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి సర్వీస్ నంబరు చెప్పి ఫిర్యాదు రాయించండి, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువైందా, లైన్‌లో జాయింట్ వదులైందా అన్నది వాళ్ళొచ్చి చూడాలి. పెట్టకముందు 225 ఉండి, పెట్టగానే 200కి పడిపోతే గొడవ మీ సర్వీస్ వైరులోనో మీ ఇంటి వైరింగ్‌లోనో ఉంది, అక్కడ ఎక్కడో సన్న వైరో కాలిన జాయింటో ఉంటుంది.

మీకు త్రీఫేజ్ మీటర్ ఉంటే మూడు ఫేజ్‌లూ విడివిడిగా కొలవండి. చాలా ఇళ్ళలో ఏసీలు, మోటారు అన్నీ ఒకే ఫేజ్ మీద పడి ఉంటాయి, పక్క ఫేజ్ ఖాళీగా ఉంటుంది. కారు లైనుని ఆ ఖాళీ ఫేజ్ మీదకు మార్పిస్తే పైసా ఖర్చు లేకుండా తీరిపోవచ్చు. కొలిచినవి ఇక్కడ రాయండి, సాకెట్ దగ్గరివి మాత్రమే కాదు, మీటర్ దగ్గరివి కూడా.